లోకమాన్యుడి రెండు పరువు కేసులు

వినాయక చవితి పందిరి వేసిన ప్రతి ఊళ్ళోనూ ఎవరో ఒకరు బాలగంగాధర తిలక్ పేరు తలుచుకుంటారు. పదిమందీ చందాలు వేసుకుని వీధిలో గణపతిని నిలబెట్టే పద్ధతికి 1893 నుంచి పూనాలో ఊతమిచ్చింది ఆయనేనని బడిపిల్లలకు కూడా తెలుసు. మాండలే జైలు, గీతారహస్యం, స్వరాజ్య నినాదం అన్నీ పాఠ్యపుస్తకాల్లో ఉన్నవే. కాని ఆయన మొట్టమొదట జైలుకు వెళ్ళింది స్వరాజ్యం అడిగినందుకు కాదనీ, ఒక సంస్థానం దివానుగారి పరువు తీశారన్న నేరం మీదననీ చాలామందికి తెలియదు. చనిపోవడానికి ఏడాదిన్నర ముందు, అరవై రెండేళ్ళ వయసులో, తన పరువు కోసం లండను కోర్టు మెట్లెక్కి ఓడిపోయి, సుమారు మూడు లక్షల రూపాయలు పోగొట్టుకున్నారని అంతకన్నా తక్కువమందికి తెలుసు. మొదటి కేసులో ఆయన ముద్దాయి. చివరి కేసులో వాది. ఈ రెంటికీ మధ్య ముప్పయ్యేడేళ్ళు గడిచాయి.

తిలక్ 1856 జులై 23న కొంకణ తీరంలోని రత్నగిరిలో పుట్టారు. తండ్రి గంగాధర పంతులు బడిపంతులు. సంస్కృతంలోనూ లెక్కల్లోనూ గట్టివారు. పిల్లవాడికి పదేళ్ళప్పుడు కుటుంబం పూనా చేరింది. చేరిన కొద్దికాలానికే తల్లి పోయింది. పదహారో ఏట తండ్రి కూడా పోయారు. అప్పటికే పెళ్ళయింది. అయినా చదువు మానలేదు. దక్కన్ కాలేజీలో లెక్కలు ముఖ్యంగా చదివి బి.ఏ. పుచ్చుకున్నారు. 1879లో ఎల్.ఎల్.బి. కూడా పూర్తిచేశారు. అంత చదివీ నల్లకోటు వేసుకుని ఫీజులు సంపాదించడానికి కోర్టుకు పోలేదు. తరువాత ఆయన జీవితంలో సగం కోర్టుల్లోనే గడిచిందిగాని, వకీలుగా మాత్రం కాదు.

కాలేజీలో గోపాల గణేశ అగర్కర్ అనే సహాధ్యాయి ఆయనకు ప్రాణస్నేహితుడయ్యాడు. సర్కారు ఉద్యోగాలు వద్దనుకుని, మన పిల్లలకు మనమే చదువు చెప్పుకుందామని ఇద్దరూ నిశ్చయించుకున్నారు. విష్ణుశాస్త్రి చిప్లూంకర్ అనే పెద్దాయనతో కలిసి 1880లో పూనాలో బడి పెట్టారు. 1881 జనవరిలో రెండు వారపత్రికలు ప్రారంభించారు. మరాఠీలో వచ్చేది కేసరి, ఇంగ్లీషులో వచ్చేది మరాఠా. కేసరికి అగర్కర్, మరాఠాకు తిలక్ సంపాదకులు. ఇద్దరికీ అప్పటికి పాతికేళ్ళు నిండలేదు.

కొల్హాపురం ఉత్తరాలు

పత్రికలు పెట్టి ఏడాది తిరగకుండానే చిక్కు వచ్చింది. కొల్హాపురం సంస్థానానికి అప్పట్లో శివాజీ మహారాజు అనే యువకుడు దత్తత వల్ల వచ్చిన రాజు. ఛత్రపతి వంశపు గద్దె కనుక మహారాష్ట్రులకు ఆ సంస్థానమంటే ప్రాణం. ఆ కుర్రరాజుకు మతి చలించిందని సర్కారువారు చెప్పారు. పిచ్చి లేదు, చుట్టూ ఉన్నవాళ్ళే కొట్టి, బాధపెట్టి పిచ్చివాణ్ణి చేస్తున్నారని జనం చెప్పుకున్నారు. పరిపాలనంతా రావు బహద్దూర్ మాధవరావు బర్వే అనే దివానుగారి చేతిలో ఉండేది. జనం వేలు ఆయనవైపే చూపించింది.

ఈ దశలో కొన్ని ఉత్తరాలు పూనాకు చేరాయి. అవి బర్వేగారు రాసినవేననీ, మహారాజుకు హాని తలపెట్టినట్లు వాటినిబట్టి తెలుస్తోందనీ చెప్పారు. చూసినవాళ్ళకు ఒళ్ళు మండింది. కేసరి, మరాఠా ఆగలేదు. దివాను మీద ఘాటుగా రాశాయి. ఆ రాతలు చదివి ఊరూరా సభలు జరిగాయి.

బర్వేగారు ఊరుకోలేదు. సర్కారు అనుమతి పొంది పత్రికలవారి మీద క్రిమినల్ కేసు పెట్టారు. కేసు నడుస్తుండగా ఉత్తరాల గుట్టు బయటపడింది. అవి దొంగ ఉత్తరాలు. దివాను చేతిరాతను ఎవరో అనుకరించి పుట్టించినవి. తిలక్, అగర్కర్ మోసపోయారు. తాము నమ్మి రాసినది అబద్ధమని తెలిశాక క్షమాపణ చెప్పడానికి ఇద్దరూ సిద్ధపడ్డారు. దివానుగారు కేసు వదలలేదు.

ఇక్కడ చట్టం సంగతి కొంచెం చెప్పుకోవాలి. మన పల్లెల్లో పంచాయతీ ఎన్నికలప్పుడు కరపత్రాలు వేసేవారికీ, సెల్‌ఫోనులో వచ్చిన రాతను చూసీచూడకుండా పదిమందికి పంపేవారికీ ఇది పనికివచ్చే సంగతి. 1860లో చేసిన ఇండియన్ పీనల్ కోడులో 499వ సెక్షను పరువు నష్టం గురించి చెప్పింది. ఒక మనిషి మంచిపేరు చెడేలా ఏదైనా మాట అన్నా, రాసినా, అచ్చు వేసినా నేరం. శిక్ష రెండేళ్ళ దాకా సాధారణ ఖైదు, లేదా జరిమానా, లేదా రెండూ. నిజం చెబితే నేరం కాదని చాలామంది అనుకుంటారు. నిజమైతే చాలదు. ఆ నిజం బయటపెట్టడం ప్రజల మేలు కోసం అయి ఉండాలి. ఆ రెండూ ఉన్నాయని చూపించుకునే భారం రాసినవాడిదే. ఫలానా ఆయన నాకు ఉత్తరం తెచ్చి ఇచ్చాడు, నేను అచ్చు వేశానంతే అంటే కోర్టు ఒప్పుకోదు. ఒకరు అన్న మాటను మళ్ళీ అన్నవాడిదీ తప్పే. క్షమాపణ చెప్పినంతమాత్రాన కేసు పోదు, ఫిర్యాది రాజీపడితేనే పోతుంది.

అయితే చట్టం జనం నోరు పూర్తిగా కట్టెయ్యలేదు. సర్కారు ఉద్యోగి తన ఉద్యోగ ధర్మంలో చేసిన పనిమీద సద్బుద్ధితో అభిప్రాయం చెప్పవచ్చు. ఒకరి తప్పు గురించి దాన్ని విచారించే అధికారం ఉన్నవారికి సద్బుద్ధితో అర్జీ పెట్టుకోవచ్చు. తహసీలుదారుకు అర్జీ పెట్టడం వేరు, అదే అర్జీని బజారులో గోడకు అంటించడం వేరు. 2024 జులై 1 నుంచి పాత పీనల్ కోడు స్థానంలో భారతీయ న్యాయ సంహిత అమలులోకి వచ్చింది. అందులో 356వ సెక్షను ఇదే విషయం చెబుతుంది. శిక్షల్లో కొత్తగా సమాజసేవ కూడా చేరింది. మిగతాదంతా దాదాపు బర్వేగారి కాలంనాటిదే. పరువు నష్టాన్ని క్రిమినల్ నేరంగా ఉంచడం తగదని కొందరు సుప్రీంకోర్టుకు వెళితే, ఉంచవచ్చునని 2016లో తీర్పు వచ్చింది.

కేసు బొంబాయి హైకోర్టుకు చేరింది. ముద్దాయిలకు జామీను కావలసి వచ్చింది. పదివేల రూపాయలు. ఆ రోజుల్లో అది ఒక చిన్న జమీందారు తూకం. ఆ జామీను ఇచ్చింది రామశేట్ ఉరవణే అనే వ్యాపారి. ఇప్పించింది జ్యోతిబా ఫూలే. సామాజిక విషయాల్లో ఫూలేగారి తోవ వేరు, కేసరివారి తోవ వేరు. ముఖ్యంగా తిలక్‌తో ఆయనవారికి తరువాతి కాలంలో చాలా పేచీలు వచ్చాయి. అయినా ఒక సంస్థానపు అధికారి మీద కలమెత్తిన ఇద్దరు కుర్రవాళ్ళు చిక్కుల్లో పడితే ఆయన తన మనిషిని పంపించారు. ఈ చిన్న సంగతి చాలా చరిత్రల్లో ఒక వాక్యంతో పోతుంది. కాని ఆ నాటి మనుషుల తీరు తెలియడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకడం కష్టం.

1882 జులైలో తీర్పు వచ్చింది. ఇద్దరికీ నాలుగేసి నెలల ఖైదు. బొంబాయిలోని డోంగ్రీ జైలులో పెట్టారు. ఇరుకు గది, తినలేని తిండి, ఇద్దరూ చిక్కిపోయారు. పుస్తకాలు లేకపోతే మాటలే కాలక్షేపం. చదువు గురించీ, దేశం గురించీ, పెళ్ళిళ్ళ ఆచారాల గురించీ గంటల తరబడి వాదించుకునేవారు. అక్టోబరు 26న విడుదలయ్యారు. లోపల గడిపింది నూటొక్క రోజులు. ఆ రోజుల గురించి అగర్కర్ ఒక చిన్న పుస్తకం కూడా రాశారు. జైలు తలుపు దగ్గర పెద్ద గుంపు కాచుకుని ఉంది. ఓడిపోయిన ముద్దాయిలను దండలు వేసి ఊరేగించారు.

మరి కొల్హాపురం రాజు ఏమయ్యాడు? ఆ కుర్రవాణ్ణి అహ్మద్‌నగర్ కోటలో ఉంచారు. 1883 డిసెంబరు 25న, కాపలాగా పెట్టిన ఒక తెల్ల సిపాయితో జరిగిన పెనుగులాటలో చనిపోయాడు. ఉత్తరాలు దొంగవే. కాని ఆ కుర్రవాడి ప్రాణానికి భద్రత లేదన్న పత్రికల భయం దొంగది కాదు. నిజమైన ఫిర్యాదుకు అబద్ధపు సాక్ష్యం తోడైతే నిజం కూడా దానితోపాటు మునుగుతుంది. పల్లెటూరి సివిలు దావాల్లో దొంగ రశీదులు పుట్టించి గెలవవలసిన కేసులు ఓడిపోయినవారిని మనం చూస్తూనే ఉన్నాం.

పేరు పెరిగింది, కేసులూ పెరిగాయి

తరువాతి సంగతులు తెలిసినవే కనుక త్వరగా చెప్పుకుందాం. బడి పెద్దదై 1885లో ఫెర్గుసన్ కాలేజీ అయింది. అభిప్రాయభేదాలు వచ్చి 1890లో తిలక్ దాన్ని వదిలేశారు. అగర్కర్‌తో స్నేహం కూడా చెడింది. రెండు పత్రికలూ, వాటితోపాటు అప్పులూ తిలక్ నెత్తిన పడ్డాయి. ఇల్లు గడవడానికి ప్లీడరు పరీక్షకు కట్టే కుర్రవాళ్ళకు లా పాఠాలు చెప్పారు. నైజాం రాజ్యంలోని లాతూరులో భాగస్థులతో కలిసి పత్తి జిన్నింగు మిల్లు నడిపారు. పత్రిక నడపడానికి పత్తి గింజలు తీయించిన సంపాదకుడు ఆయనే కావచ్చు.

1897లో పూనాలో ప్లేగు వచ్చింది. దాని అణచివేతకు వచ్చిన రాండ్ అనే అధికారి సోల్జర్లను ఇళ్ళలోకి పంపించాడు. జూన్ 22 రాత్రి చాపేకర్ సోదరులు ఆయనను కాల్చారు. అంతకు వారం ముందు కేసరిలో శివాజీ ఉత్సవం గురించి వచ్చిన రాతలను పట్టుకుని తిలక్‌పై రాజద్రోహం కేసు పెట్టారు. ఇది పరువు నష్టం కాదు. పరువు నష్టం ఒక మనిషి పేరుకు సంబంధించింది, రాజద్రోహం ప్రభుత్వం పేరుకు సంబంధించింది. జూరీలో తొమ్మిదిమంది. ఆరుగురు తెల్లవారు నేరం చేశాడన్నారు, ముగ్గురు మనవారు చేయలేదన్నారు. పద్దెనిమిది నెలల కఠిన శిక్ష పడింది. మాక్స్ ముల్లర్ వంటి పండితులు విజ్ఞప్తి చేయగా 1898 సెప్టెంబరులో ముందుగానే విడిచిపెట్టారు.

ఈ కేసులో ఒక్క విషయం బాగా గుర్తుంచుకోవాలి. శిక్ష పడింది రాతలకు. రాండ్ హత్యతో తిలక్‌కు సంబంధం ఉందని ఏ కోర్టూ అనలేదు, సర్కారు అటువంటి కేసే పెట్టలేదు. కాని తెల్లవారి పత్రికలు ఆ రెంటినీ ముడిపెట్టి రాస్తూ వచ్చాయి. లండనులోని గ్లోబ్ పత్రిక అలా రాసింది. దాన్ని బొంబాయిలో టైమ్స్ ఆఫ్ ఇండియా ఎత్తి వేసింది. అప్పటికి జైలు నుంచి వచ్చిన తిలక్ ఊరుకోక చట్టం పట్టుకున్నారు. రెండు పత్రికలూ క్షమాపణ చెప్పాయి. డోంగ్రీలో ఆయన మీద పడిన చట్టమే ఈసారి ఆయనకు కాపుగా నిలబడింది. ఈ విజయమే తరువాత లండను దావాకు ధైర్యం ఇచ్చిందని నాకు అనిపిస్తుంది.

ఇంకొక కేసు ఆయనను ఏళ్ళ తరబడి పీడించింది. పూనాలో బాబా మహారాజ్ అనే సర్దారు తిలక్‌కు స్నేహితుడు. చనిపోతూ తన ఆస్తికి ధర్మకర్తల్లో ఒకడిగా తిలక్‌ను పెట్టాడు. ఆయన భార్య తాయీ మహారాజ్ చిన్నవయసు మనిషి. 1901లో ఔరంగాబాదులో ఒక పిల్లవాణ్ణి దత్తత చేసుకున్నారు. తరువాత ఆమె మనసు మారింది, చుట్టూ చేరినవాళ్ళు మార్చారని కూడా అంటారు. ఆ దత్తతే జరగలేదని కోర్టుకెక్కింది. అబద్ధపు సాక్ష్యం చెప్పారని తిలక్ మీద క్రిమినల్ కేసు నడిచింది. 1903లో పద్దెనిమిది నెలల శిక్ష పడి, అప్పీలులో ఆరు నెలలయింది. 1904 మార్చిలో హైకోర్టు ఆయన నిర్దోషి అని కొట్టేసింది. స్నేహితుడికి ఇచ్చిన మాట కోసం చేతులకు సంకెళ్ళు వేయించుకున్న మనిషి ఆయన. దత్తత మీద సివిలు దావా మాత్రం ఇంకా సాగుతూనే ఉంది. 1910లో హైకోర్టు ఆయనకు వ్యతిరేకంగా తీర్పిచ్చింది. 1915లో లండనులోని ప్రీవీ కౌన్సిలు దాన్ని తలకిందులు చేసి, ఆ దత్తత చెల్లుతుందని చెప్పింది.

ఈలోగా 1908 వచ్చింది. ముజఫర్‌పూర్ బాంబు సంగతి మీద కేసరి రాసిన వ్యాసాలకు మళ్ళీ రాజద్రోహం కేసు. 1897లో జామీను కోసం తిలక్ పక్షాన వాదించిన దావర్ అనే పార్సీ వకీలు ఈసారి జడ్జీగా కూర్చుని జామీను కాదన్నారు. తిలక్ తన కేసు తానే వాదించుకున్నారు. రోజుల తరబడి, మొత్తం ఇరవై గంటలకు మించి మాట్లాడారు. ఆరేళ్ళ ద్వీపాంతరం పడింది. మాండలేకు పంపారు. ఆ సంవత్సరమే బెజవాడలో స్వరాజ్య పత్రిక నడిపిన మన గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు కూడా ఇదే నేరం మీద జైలుకు వెళ్ళారు. మాండలేలో ఉండగానే, 1912లో, ఇంటి దగ్గర భార్య సత్యభామాబాయి చనిపోయింది. 1914 జూన్‌లో తిలక్ ఇల్లు చేరారు.

చేరేసరికి ఒక పుస్తకం ఆయన కోసం ఎదురుచూస్తోంది.

లండను దావా

టైమ్స్ అనే లండను పత్రికకు వాలెంటైన్ చిరోల్ అనే పెద్ద విలేకరి ఉండేవాడు. 1910లో ఆ పత్రికలో హిందూదేశపు అలజడి గురించి వరుసగా వ్యాసాలు రాసి, అవన్నీ కలిపి పుస్తకంగా వేశాడు. దేశంలో అశాంతికి తండ్రి తిలకే అన్నాడు. ఆ మాటకు తిలక్‌కు కోపం రాలేదనే అనుకోవచ్చు, అది బిరుదు వంటిది. కోపం తెప్పించినవి వేరు. గోరక్షణ సంఘాలనూ కసరత్తు శాలలనూ అల్లర్ల కోసమే పెట్టాడన్నాడు. వాటి చందాలు బెదిరించి వసూలు చేశారన్నాడు. తాయీ మహారాజ్ వ్యవహారంలో మోసం చేశాడన్నాడు. రాండ్ హత్యకూ, 1909లో నాసిక్‌లో జరిగిన జాక్సన్ కలెక్టరు హత్యకూ ఆయన రాతలే మూలమని అర్థం వచ్చేలా రాశాడు. జాక్సన్‌ను కాల్చేనాటికి తిలక్ మాండలేలో తాళం లోపల ఉన్నారు. పుస్తకం వచ్చిన నాలుగేళ్ళదాకా జవాబు చెప్పే వీలే లేకపోయింది.

1915లో తిలక్ ఈ దావాకు పూనుకున్నారు. చిరోల్ మీదా, పుస్తకం వేసిన మాక్‌మిలన్ కంపెనీ మీదా దావా. అచ్చు వేసినవాడూ బాధ్యుడే. ఇది డోంగ్రీ కేసు వంటిది కాదు. అది క్రిమినల్ కేసు, ఇది సివిలు దావా. ఇందులో ఎవరూ జైలుకు పోరు. గెలిస్తే ఎదుటివాడు నష్టపరిహారం ఇవ్వాలి, ఓడితే ఎదుటివాడి వకీళ్ళ ఖర్చు కూడా తాను కట్టాలి. ఇంగ్లీషు సివిలు చట్టంలో రాసినది నిజమని రుజువు చేస్తే చాలు, ప్రజల మేలు సంగతి అడగరు. చిరోల్ ఆ తోవే పట్టాడు. తాను రాసినదంతా నిజమే, నిరూపిస్తానన్నాడు.

ఇక్కడే తిలక్ లెక్క తప్పిందని చెప్పాలి. ఎదుటివాడు ఆ తోవ పడితే తన పరువు పోయిందని దావా వేసినవాడి పరువే కోర్టులో ప్రశ్నకు వస్తుంది. అంటే పుట్టినప్పటి నుంచి రాసిన ప్రతి అక్షరం కోర్టులో విప్పవలసిందే. ముప్పయ్యేళ్ళ కేసరి సంచికలు ఎదుటి వకీలు చేతికి వెళ్ళాయి. రెండుసార్లు రాజద్రోహం శిక్ష పడిన మనిషి ఇంగ్లీషు జూరీ ముందు మంచిపేరు గురించి మాట్లాడాలి. సాక్ష్యాలకు కాగితాలు పోగుచేయడంలో సర్కారు చిరోల్‌కు సాయం చేసింది. మిత్రులు కొందరు ఈ దావా వద్దన్నారు. ఆయన వినలేదు. టైమ్స్ ఆఫ్ ఇండియా చేత తప్పు ఒప్పించిన మనిషి కదా.

ప్రయాణమే పెద్ద తంతు అయింది. 1918లో హోమ్‌రూల్ బృందంతో సీమకు బయలుదేరితే కొలంబోలో ఆపి వెనక్కి పంపారు. తరువాత దావా కోసం మాత్రం వెళ్ళనిచ్చారు. ఆ ఏడు ఢిల్లీ కాంగ్రెసుకు అధ్యక్షుడిగా ఎన్నుకుంటే, దావా కోసం ఆ పదవి వదులుకుని సెప్టెంబరులో ఓడ ఎక్కారు. దేశమంతా ఇవ్వజూపిన గౌరవాన్ని కాదని, పన్నెండుమంది లండను జూరీ సభ్యుల నోట తన మంచిపేరు వినాలని వెళ్ళారు. అరవై దాటిన మనిషి, మధుమేహ రోగి, చలికాలంలో లండనులో దిగారు.

1919 జనవరి 29న విచారణ మొదలైంది. జడ్జీ డార్లింగ్. తిలక్ తరపున సర్ జాన్ సైమన్ వాదించారు. ఈ పేరు మన పెద్దలకు బాగా తెలుసు. 1928లో సైమన్ కమిషన్ వచ్చినప్పుడు ఊరూరా నల్లజెండాలు పట్టి వెనక్కి పొమ్మన్నది ఈయననే. మదరాసులో తుపాకుల ముందు టంగుటూరి ప్రకాశం పంతులుగారు రొమ్ము విప్పి నిలబడింది ఆ సందర్భంలోనే. ఆ సైమనే తొమ్మిదేళ్ళ ముందు ఫీజు తీసుకుని తిలక్ పరువు కోసం వాదించాడు. వకీలు వృత్తి అటువంటిది. ఎదుటి పక్షాన సర్ ఎడ్వర్డ్ కార్సన్. 1895లో ఆస్కార్ వైల్డ్ అనే ప్రసిద్ధ రచయిత తన పరువు కోసం ఇటువంటి కేసే పెడితే, అడ్డుప్రశ్నలతో ఆ వైల్డ్‌నే చివరకు జైలు పాలు చేసిన వకీలు ఈయనే. ఆ సంగతి తెలిసిన ఇంగ్లీషువాళ్ళెవరైనా తిలక్‌కు జాగ్రత్త చెప్పి ఉండేవారు.

కార్సన్ కేసరి పాత సంచికల అనువాదాలు ఒక్కొక్కటే చదివి అర్థం అడిగాడు. రాండ్ గురించి రాసినది, బాంబు గురించి రాసినది, శివాజీ అఫ్జల్‌ఖానును చంపడం గురించి రాసినది. మరాఠీలో ఒక ఊపున సాగే మాట ఇంగ్లీషులోకి వచ్చేసరికి కత్తిలా కనిపిస్తుంది. తిలక్ తొణక్కుండా జవాబులు చెప్పారు. తాయీ మహారాజ్ వ్యవహారంలో ప్రీవీ కౌన్సిలు తీర్పు ఆయన వైపే ఉంది. జాక్సన్ హత్యనాటికి ఆయన జైలులో ఉన్నారు. ఇవన్నీ కాగితం మీద గట్టి వాదనలే. కాని యుద్ధం ముగిసి రెండు నెలలు దాటిన రోజులవి. సామ్రాజ్యాన్ని కాదన్న ఒక నల్లమనిషి, సామ్రాజ్యపు పెద్ద పత్రిక మనిషి మీద దావా వేస్తే, లండను జూరీ ఏ వైపు మొగ్గుతుందో ఊహించడం కష్టం కాదు. జడ్జీ జూరీకి చెప్పిన మాటలు కూడా తిలక్‌కు అనుకూలంగా లేవు. ఫిబ్రవరి 21న జూరీ చిరోల్ వైపు తీర్పు చెప్పింది.

ఖర్చులన్నీ కలిపి సుమారు మూడు లక్షల రూపాయలు తేలాయి. ఆ రోజుల్లో మూడు లక్షలంటే అనేక గ్రామాల శిస్తు. ఇంత దెబ్బ తగిలితే ఇంకొకరైతే తలవంచుకుని ఓడ ఎక్కేవారు. తిలక్ మరికొన్ని నెలలు సీమలోనే ఉండి, లేబరు పార్టీవారిని కలుసుకుంటూ, హిందూదేశానికి స్వపరిపాలన ఎందుకు కావాలో సభల్లో చెబుతూ గడిపారు. ఆ సంవత్సరం నవంబరులో బొంబాయి చేరారు.

దేశంలో ఈలోగా చందాలు పోగయ్యాయి. లండను జూరీ లేదన్న పరువుకు ఇక్కడి జనం అణాలూ రూపాయలూ ఇచ్చి లెక్క కట్టారు. దావా అప్పు తీర్చడానికి ఒక నిధి పెట్టి ఆ మొత్తం కూడబెట్టి ఇచ్చారు. కోర్టు ఖర్చుల కోసం చందాలు వేసుకోవడం మన ఊళ్ళల్లో చెరువు తగాదాల్లో, పొలం గట్ల తగాదాల్లో ఉన్నదే. ఒక మనిషి పరువు దావా ఓడిపోతే దేశమంతా చందా వేసుకోవడం మాత్రం అరుదు.

ఆ అప్పు తీరాక ఆయన ఎక్కువ కాలం బతకలేదు. 1920 ఆగస్టు 1న బొంబాయిలోని సర్దార్‌గృహలో కన్నుమూశారు. మరుసటి ఏడు, 1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీల్లో, అఖిల భారత కాంగ్రెసు కమిటీ మన బెజవాడలో సమావేశమైంది. తిలక్ స్వరాజ్య నిధి పేరుతో జూన్ 30 లోగా కోటి రూపాయలు వసూలు చేయాలని అక్కడ నిశ్చయించారు. గడువు నాటికి కోటి దాటింది.